నీటిని పరీక్షించే పాదరసం

ఫ్యాక్టరీ వదిలే నీరు ఎంత మురికిగా ఉందో తేల్చే పరీక్షల్లో ముఖ్యమైనది సీఓడీ (కెమికల్ ఆక్సిజన్ డిమాండ్). పటాన్‌చెరు, జీడిమెట్ల లాంటి పారిశ్రామికవాడల్లో ఈటీపీ (వ్యర్థజలాల్ని శుద్ధి చేసే ప్లాంటు) నడిపే వాళ్లకు ఇది రోజువారీ పని. నీటిలోని సేంద్రియ పదార్థాలు ఆక్సీకరణం చెందడానికి ఎంత ఆక్సిజన్ కావాలో ఇది చెబుతుంది. మన దేశంలో నదుల్లోకి, చెరువుల్లోకి వదిలే వ్యర్థజలాలకు సాధారణ పరిమితి లీటరుకు 250 మిల్లీగ్రాములు.

పాత పద్ధతిలో 20 మిల్లీలీటర్ల నీటికి పొటాషియం డైక్రోమేట్, సిల్వర్ సల్ఫేట్ కలిపిన గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, 0.4 గ్రాముల మెర్క్యూరిక్ సల్ఫేట్ అనే పాదరసం లవణం కలిపి రెండు గంటలు మరిగిస్తారు. ఆక్సీకరణం చేసేది డైక్రోమేట్, దాన్ని వేగంగా నడిపేది వెండి. మరి పాదరసం ఎందుకు? నీటిలో ఉప్పు ఉంటే అందులోని క్లోరైడ్ కూడా డైక్రోమేట్‌ను ఖర్చు చేసి లెక్క తప్పిస్తుంది. పాదరసం ఆ క్లోరైడ్‌ను పట్టి కదలకుండా ఉంచుతుంది.

ఆ 0.4 గ్రాముల్లో అచ్చంగా పాదరసమే సుమారు 270 మిల్లీగ్రాములు. బయటికి వదిలే నీటిలో పాదరసానికి పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాము. భాగించి చూడండి: ఒక్క ఫ్లాస్కులోని పాదరసం 27 వేల లీటర్ల నీటిని ఆ పరిమితి దాకా తీసుకెళ్లగలదు. పరీక్షించింది మాత్రం నాలుగు చెంచాల నీళ్లు! మిగిలిన డైక్రోమేట్, అదెంతో కొలవడానికి చివర్లో చేసే టైట్రేషన్‌లో తక్కువ విషమున్న క్రోమియం రూపంలోకి మారిపోతుంది. పాదరసం ఎక్కడికీ పోదు, దాన్ని విడిగా పోగుచేసి ప్రమాదకర వ్యర్థంగా అప్పగించాల్సిందే.

పరీక్షలే కాలుష్యం పెంచకూడదన్న ఆలోచనకు గలూష్కా, మిగషెవ్‌స్కీ, నమ్యెష్నిక్ అనే పోలండ్ శాస్త్రవేత్తలు 2013లో 12 సూత్రాల రూపం ఇచ్చారు. వీలైతే నమూనాకు ఏమీ కలపకుండానే కొలవాలని, తప్పకపోతే అతి తక్కువ నమూనా వాడాలని అందులో ఉంది. సీఓడీ విషయంలో రెండోదే ముందు అమల్లోకి వచ్చింది. మూత బిగించిన చిన్న గాజు గొట్టంలో రెండున్నర మిల్లీలీటర్ల నీటితో ఇదే పరీక్ష చేస్తే రసాయనాలు ఎనిమిదో వంతు చాలు. ఇంకో దారి టీఓసీ (టోటల్ ఆర్గానిక్ కార్బన్, అంటే మొత్తం సేంద్రియ కార్బన్) యంత్రం. అది నీటిలోని కార్బన్‌ను మండించి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను పరారుణ కాంతితో కొలుస్తుంది. పాదరసం, క్రోమియం అక్కర్లేదు. కానీ అది చెప్పేది కార్బన్ లెక్క, ఆక్సిజన్ లెక్క కాదు. రెండింటి నిష్పత్తి ఫ్యాక్టరీని బట్టి మారుతుంది. పైగా నిబంధనలో సీఓడీ అని రాసి ఉన్నంతకాలం, ఎంత మంచి టీఓసీ యంత్రం కొన్నా రిపోర్టు కోసం ఫ్లాస్కు పెట్టక తప్పదు. అసలు చిక్కు కెమిస్ట్రీలో కన్నా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది.

మందుల కంపెనీల్లో కథ వేరు. అక్కడ మందులోని పదార్థాలను ద్రావకంతో విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం నిమిషానికి ఒక మిల్లీలీటరు చొప్పున నడిస్తే రోజుకు 1.4 లీటర్ల ద్రావకం వ్యర్థమవుతుంది. అందులో చాలాసార్లు పెద్ద వాటా అసిటోనైట్రైల్‌దే. యాక్రిలిక్ దారం, ప్లాస్టిక్‌ల కోసం అక్రిలోనైట్రైల్ తయారుచేసేటప్పుడు ఉప ఉత్పత్తిగా వచ్చేదే ఈ ద్రావకం. 2008-09 మాంద్యంలో ఆ పరిశ్రమలు నెమ్మదించగానే ప్రపంచమంతా దీనికి కటకట వచ్చింది, ధర ఆకాశానికంటింది. సూత్రాల కన్నా కొరతే ల్యాబుల్ని గట్టిగా కదిలించింది. మిథనాల్‌తో సరిపెట్టుకోవచ్చా అని కొందరు చూస్తే, కొందరు సన్న కాలమ్‌ల (ఆ యంత్రంలో ద్రావకం ప్రవహించే గొట్టాల) వైపు మళ్లారు. 4.6 మిల్లీమీటర్ల కాలమ్ బదులు 2.1 మిల్లీమీటర్లది పెడితే, గొట్టంలో అదే వేగంతో కదలడానికి ద్రావకం దాదాపు ఐదో వంతు సరిపోతుంది.