గని ప్లాన్ గీసేటప్పుడే మొదలయ్యే రిస్క్

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని సింగరేణి భవన్‌కీ గోదావరిఖని గనులకీ మధ్య రెండు వందల కిలోమీటర్ల పైనే దూరం. ప్రమాదం జరిగితే అందరి చూపూ గని మీదికే పోతుంది. కానీ ఏ పొర తవ్వాలి, పాత గనికి ఎంత ఎడం వదలాలి అన్నవి కార్మికులు దిగడానికి చాలా ముందే ఆఫీసుల్లో, ప్లాన్ మీద, అంటే గని మ్యాప్ మీద, తేలిపోతాయి.

1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గరి చాస్‌నాలాలో పాత గనిలో నిలిచిన నీళ్లు విరుచుకుపడి 375 మంది చనిపోయారు. అప్పటికి నిబంధన లేదా అంటే, ఉంది. నీళ్లు నిండిన పాత గనికి 60 మీటర్ల లోపు అనుమతి లేకుండా తవ్వకూడదని 1957 బొగ్గు గనుల నిబంధనలే చెప్పాయి. అయితే ఆ 60 మీటర్లు కొలిచేది ప్లాన్ మీదే. ఎప్పుడో గీసిన పాత ప్లాన్ తప్పయితే కొలతా తప్పే. ఇల్లెందు వైపు 19వ శతాబ్దం చివర్లోనే తవ్వకాలు మొదలైన మన బొగ్గు ప్రాంతానికి ఇది చిన్న విషయం కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిని నీళ్లు ముంచెత్తి 17 మందిని బలి తీసుకున్నాయి.

అన్ని గనులకూ ఒకే కొలత చాలదన్న ఆలోచన బయటి దేశాల్లోనూ ప్రాణాలు పోయాకే బలపడింది. ఆస్ట్రేలియాలో 1994 మౌరా బొగ్గు గని పేలుడు 11 మందిని చంపింది. ఏ గనికి ఆ గని తన ప్రమాదాలను గుర్తించి అదుపు చేసుకోవాలని అక్కడి క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 1999లో చట్టం తెచ్చింది. మన దగ్గర 2000లో జరిగిన గనుల భద్రతా సదస్సు ఇదే దారి సూచించింది. ప్రతి గనీ తన ప్రమాదాలను, వాటి అదుపును రాసుకునే సేఫ్టీ మేనేజ్‌మెంట్ ప్లాన్‌ను తప్పనిసరి చేసిన కొత్త నిబంధనలు మాత్రం 2017లో వచ్చాయి. వాటికి ఏడాది ముందే, 2016 డిసెంబర్ 29న, జార్ఖండ్‌లోని రాజమహల్ ఓపెన్ కాస్ట్ గనిలో మట్టి జారిపడి 23 మంది పోయారు.

ప్రమాదం జరిగితే ఎంత నష్టం, ఎంతమంది ఎంతసేపు దాని దగ్గర ఉంటారు, జరిగే అవకాశం ఎంత: ఈ మూడింటినీ లెక్కగట్టి మార్కులు వేయడం కష్టం కాదు. ఆ మార్కులు పోయినేడాది ఫైల్ నుంచి దించుకున్నవైతే మాత్రం ప్రాణాల మీదికి వస్తుంది. టార్గెట్ పెరిగి ప్లాన్ మారిన ప్రతిసారీ రిస్క్ అంచనా కూడా కొత్తగా వేయాలి. రూఫ్ చప్పుడు, గోడ చెమ్మ రోజూ గమనించే సర్దార్, ఓవర్‌మన్ (గని లోపల పనినీ భద్రతనూ చూసే సూపర్‌వైజర్లు) ఆ లెక్కలో కూర్చోవాలి, వాళ్లు ఒప్పుకోని ప్లాన్‌పై సంతకం పడకూడదు.