పత్తి గొడవకు మూలం 1983 తీర్పు

2025 పత్తి తీతల వేళకు నల్లగొండ జిల్లాలో దిగుమతి సుంకం గొడవ మళ్లీ లేచింది. విదేశీ పత్తిపై 11 శాతం సుంకాన్ని కేంద్రం 2025 ఆగస్టు 19న ఎత్తేసింది. మొదట సెప్టెంబరు 30 వరకే అన్నది, నెల తిరగకముందే డిసెంబరు 31 దాకా పొడిగించింది. మునుగోడు, చండూరు వైపు పత్తి మార్కెట్‌కు వచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే. 2025-26కు పొడవు పింజకు క్వింటాకు 8,110 రూపాయల మద్దతు ధర ఉంది కదా అన్నారు. తేమ 12 శాతం దాటితే మద్దతు ధరకు కొనే కేంద్ర సంస్థ సీసీఐ కొనదు, ఇక దళారి చెప్పిందే ధర.

ఈ మినహాయింపు బట్టల ఎగుమతిదారులకు ఊరటైంది. మన సరుకుపై అమెరికా 2025లో అదనంగా 50 శాతం సుంకం వేసింది, అందులో సగం రష్యా చమురు కొంటున్నందుకట. వేసింది ట్రంప్, తన సంతకంతోనే. పన్నులు, సుంకాలు వేసే అధికారాన్ని అక్కడి రాజ్యాంగం కాంగ్రెస్‌కు, అంటే వాళ్ల పార్లమెంటుకు ఇచ్చింది. మరి కాంగ్రెస్ ఎందుకు ఆపలేకపోయింది?

జవాబు జగదీశ్ రాయ్ చద్దా కేసులో ఉంది. కెన్యాలో పుట్టిన భారతీయ మూలాల విద్యార్థి. 1972లో స్టూడెంట్ వీసా గడువు ముగిసింది. మన దగ్గర అమెరికాకు పిల్లలను పంపిన ఇళ్లకు ఆ భయం చెప్పనక్కర్లేదు. ఇమ్మిగ్రేషన్ జడ్జి కనికరించి ఉండనిచ్చాడు. 1975 డిసెంబరులో కాంగ్రెస్‌లోని ప్రతినిధుల సభ చర్చ లేకుండా, ఎవరు ఎటు ఓటేశారో నమోదు కాకుండా, ఒక్క తీర్మానంతో దాన్ని రద్దు చేసింది.

1983 జూన్ 23న అమెరికా సుప్రీంకోర్టు 7-2తో చద్దాను గెలిపించింది. రెండు సభలూ ఆమోదించి అధ్యక్షుడి ముందుకు పంపనిదే ఏ తీర్మానానికీ చట్టబలం లేదన్నది. చద్దాకు న్యాయమే జరిగింది. కానీ ఒక్క దెబ్బకు దాదాపు 200 చట్టాల్లో కాంగ్రెస్ తన చేతిలో ఉంచుకున్న కళ్లెం, అంటే తీర్మానంతో రద్దు చేసే హక్కు, తెగిందని జస్టిస్ వైట్ అసమ్మతి తీర్పులో వాపోయారు. ఇక కాంగ్రెస్ అధికారం ఇవ్వకుండానైనా ఉండాలి, ఇచ్చి చేతులైనా దులుపుకోవాలి అన్నది ఆయన వాదన. ఎక్కువ మంది తీర్పు కన్నా వైట్ మాటే నేటికి సరిపోతోంది.

తెగిన కళ్లేల్లో 1976 నాటి జాతీయ అత్యవసర పరిస్థితుల చట్టానిదీ ఒకటి. 1983 తీర్పుకు ముందు రెండు సభల తీర్మానం చాలు, అధ్యక్షుడు ప్రకటించిన అత్యవసర పరిస్థితి ముగిసిపోయేది. 1985 సవరణ తర్వాత ఆ తీర్మానంపై అధ్యక్షుడే సంతకం పెట్టాలి. పెట్టకపోతే వీటోను దాటడానికి మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. 2019లో మెక్సికో సరిహద్దు గోడ కోసం ప్రకటించిన అత్యవసర పరిస్థితిని రెండు సభలూ కాదన్నా ట్రంప్ వీటో చేశారు. ఆ వీటోను దాటడానికి ప్రతినిధుల సభలో 248 ఓట్లు వచ్చినా చాలలేదు.

2025 సుంకాలకు ట్రంప్ చూపిన ఆధారం 1977 నాటి ఆర్థిక అత్యవసర అధికారాల చట్టం. 2025కు ముందు ఏ అధ్యక్షుడూ దానితో సుంకం వేయలేదు. దిగుమతులను నియంత్రించవచ్చని అందులో ఉంది, సుంకమూ నియంత్రణే అని ట్రంప్ ప్రభుత్వం వాదించింది. అప్పీళ్ల కోర్టు 2025 ఆగస్టు 29న 7-4తో కాదన్నది, సుంకాలను మాత్రం అప్పుడే ఆపలేదు. సుప్రీంకోర్టు వాదనలు విన్నది నవంబరు 5న. ఆ లోపే మొదటి తీత పత్తి జిన్నింగ్ మిల్లులకు చేరింది.