పిన్ని ఎంపీ అవ్వొచ్చా?

బుజ్జీ, చంటీ,

మొన్న పిన్నితో వీడియో కాల్ అయిపోయాక చంటి ఒక ప్రశ్న వేశాడు. "తమ్ముడు సిడ్నీలో పుట్టాడు కాబట్టి పెద్దయ్యాక అక్కడ ఎంపీ అవ్వొచ్చు. పిన్ని తెనాలిలో పుట్టింది కాబట్టి అవ్వలేదు. అంతే కదా అమ్మమ్మా?" అన్నాడు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని ఏదో సగం జవాబు చెప్పి లేచిపోయాను. కానీ అది సగం జవాబుతో సరిపెట్టే ప్రశ్న కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. మీ స్నేహితులకు కూడా చదివి వినిపించండి.

పిన్ని అవ్వొచ్చు. అక్కడ పుట్టకపోయినా అవ్వొచ్చు, ఏ పార్టీలో చేరకపోయినా అవ్వొచ్చు. అలా అయిన ఒకావిడ కథ నాకు తెలుసు. ఆవిడ గెలిచిన రోజున నేను అదే ఊళ్ళో ఉన్నాను.

2022లో పిన్ని పురుటికి సిడ్నీ వెళ్ళాను కదా. బాలింతకు పథ్యం వండాలంటే మన కూరగాయలు కావాలి. ఎక్కడ దొరుకుతాయని అడిగితే కాబ్రమట్టా వెళ్ళమన్నారు. సిడ్నీకి నైరుతి వైపు ఉన్న పేట అది. రైలు దిగగానే నాకు మన బజారుకు వచ్చినట్టే అనిపించింది. అరటిపువ్వు, కాకరకాయలు, చేమదుంపలు, తోటకూర కట్టలు. అమ్మేవాళ్ళు ఎక్కువమంది వియత్నాం వాళ్ళు. కంబోడియా, లావోస్, చైనా, ఇరాక్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు కూడా ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. యుద్ధాల నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్ళు వాళ్ళలో ఎంతోమంది. ఆ పేట ఉన్న పార్లమెంటు నియోజకవర్గం పేరు ఫౌలర్.

ఇప్పుడు ఆ కథ. 1968లో వియత్నాంలోని సైగాన్‌లో ఒక పాప పుట్టింది. పేరు డాయ్ లే. 1975 ఏప్రిల్‌లో యుద్ధం ముగిసి సైగాన్ పడిపోతున్న రోజుల్లో వాళ్ళమ్మ ముగ్గురు ఆడపిల్లలను వెంటబెట్టుకుని ఇల్లు వదిలింది. డాయ్ లే పెద్దది. అప్పటికి ఏడేళ్ళు కూడా సరిగ్గా నిండలేదు. ఫిలిప్పీన్స్‌లో, హాంకాంగ్‌లో శరణార్థి శిబిరాల్లో కొన్నేళ్ళు గడిచాయి. మధ్యలో పడవ ప్రయాణంలో తుఫాను పట్టుకుంది. వాళ్ళమ్మ జపమాల చేత్తో పట్టుకుని పిల్లల్ని గుండెకు హత్తుకుని ప్రార్థన చేసిందట. చివరికి 1979లో ఆస్ట్రేలియా వాళ్ళను రానిచ్చింది. అంటే ఏడో ఏటి నుంచి పదకొండో ఏటి దాకా ఆ పాపకు సొంత ఊరంటూ లేదు. బుజ్జీ, నీకిప్పుడు పదకొండే. ఒక్క నిమిషం ఆగి ఆలోచించు.

ఆవిడ పెద్దయ్యాక ఏబీసీ అనే ప్రభుత్వ ప్రసార సంస్థలో జర్నలిస్టుగా పనిచేశారు. తర్వాత రాజకీయాల్లోకి వచ్చారు. ఒక్కసారిగా గెలవలేదు. 2008లో, 2011లో అక్కడి రెండు పెద్ద పార్టీల్లో ఒకటైన లిబరల్ పార్టీ తరఫున కాబ్రమట్టా నుంచి రాష్ట్ర శాసనసభకు పోటీ చేసి ఓడిపోయారు. 2012లో కాబ్రమట్టా ఉన్న ఫెయిర్‌ఫీల్డ్ నగర కౌన్సిల్‌కు ఎన్నికయ్యారు. 2014లో రొమ్ము క్యాన్సర్ వస్తే వైద్యం చేయించుకుని కోలుకున్నారు. 2016లో మేయర్ పదవికి సొంత పార్టీ అభ్యర్థి మీదే పోటీకి దిగారని పార్టీ సస్పెండ్ చేసింది. 2019లో ఇండిపెండెంట్‌గా మళ్ళీ రాష్ట్ర శాసనసభకు నిలబడ్డారు, మళ్ళీ ఓడిపోయారు. అయినా ఆ పేటల్ని వదిలి ఎక్కడికీ పోలేదు. ఫెయిర్‌ఫీల్డ్‌కు డిప్యూటీ మేయర్ అయ్యారు.

2021లో కరోనా మళ్ళీ విజృంభించినప్పుడు ఫెయిర్‌ఫీల్డ్‌లో కట్టడి చాలా గట్టిగా పెట్టారు. పని కోసం బయటి పేటలకు వెళ్ళేవాళ్ళు మూడు రోజులకొకసారి టెస్టు చేయించుకోవాలి. కార్లలో గంటల తరబడి బారులు. పోలీసులకు తోడు సైనికులు వీధుల్లోకి వచ్చారు. సముద్రం ఒడ్డున ఉన్న పేటల్లో అంత కట్టడి లేదు. సైనికుల్ని చూసి పారిపోయి వచ్చిన ముసలివాళ్ళ గుమ్మం ముందుకే మళ్ళీ సైనికులు వస్తే వాళ్ళకు ఎలా ఉంటుంది? ఆ బాధ అక్కడి జనం మనసులో ఉండిపోయింది.

2022 పార్లమెంటు ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఫౌలర్ 1984లో ఏర్పడినప్పటి నుంచీ రెండో పెద్ద పార్టీ అయిన లేబర్ తప్ప ఇంకెవరూ గెలవని సీటు. రిటైరవుతున్న లేబర్ ఎంపీ తన తర్వాత టు లే అనే స్థానిక లాయరును నిలబెట్టమన్నారు. ఆవిడ వియత్నాం శరణార్థుల కూతురు. ఇంటిపేరు ఒకటే అయినా డాయ్ లేకి చుట్టం కాదు. కానీ పార్టీ ఆ అమ్మాయిని పక్కనపెట్టి క్రిస్టినా కెనీలీకి టికెట్ ఇచ్చింది. కెనీలీ పెద్ద నాయకురాలు. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రానికి తొలి మహిళా ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి. అయితే ఆవిడ ఇల్లు నగరానికి ఉత్తరాన ఎక్కడో, స్కాట్లండ్ ఐలండ్ అనే చిన్న దీవిలో ఉండేది. టికెట్ వచ్చాకే ఫౌలర్‌కు మకాం మార్చారు. ఆవిడ మీద డాయ్ లే ఇండిపెండెంట్‌గా నిలబడ్డారు.

ఇక్కడ ఒక్క సంగతి జాగ్రత్తగా గమనించండి. కెనీలీ కూడా ఆస్ట్రేలియాలో పుట్టలేదు. అమెరికాలోని లాస్ వేగస్‌లో పుట్టారు. అంటే పోటీ పడ్డ ఇద్దరూ వలస వచ్చినవాళ్ళే. అక్కడి జనం చూసింది ఎవరు ఎక్కడ పుట్టారని కాదు. మా వీధిలో ఎవరుంటున్నారు, కష్టం వచ్చినప్పుడు ఎవరు కనబడ్డారు అని. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. కెనీలీని నేను తప్పుపట్టను, ఆవిడ కష్టపడి పైకి వచ్చిన మనిషి. కానీ "వీళ్ళ ఓట్లు ఎలాగూ మనవే" అని పార్టీ అనుకోవడం మాత్రం తప్పే.

పోటీ చేయడానికి ఏం కావాలో కూడా చెప్తాను. ఆస్ట్రేలియా పౌరసత్వం, 18 ఏళ్ళు, ఓటరు జాబితాలో పేరు లేదా ఆ అర్హత. ఇండిపెండెంట్ అయితే ఆ నియోజకవర్గంలో 100 మంది ఓటర్ల సంతకాలు, 2000 డాలర్ల డిపాజిట్. నూటికి 4 ఓట్లు వస్తే డిపాజిట్ తిరిగి ఇస్తారు. మన లోక్‌సభకైతే 25 ఏళ్ళు నిండాలి, ఇండిపెండెంటుకు పదిమంది ప్రతిపాదించాలి, డిపాజిట్ 25,000 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. ఆరో వంతు ఓట్లు రాకపోతే అది పోతుంది. మన దేశంలోనూ పౌరసత్వమే అడుగుతారు, పుట్టిన చోటు అడగరు.

ఆస్ట్రేలియాలో ఇంకో గట్టి నిబంధన ఉంది. రాజ్యాంగం 44వ సెక్షన్ ప్రకారం ఇంకో దేశం పౌరసత్వం కూడా ఉన్నవాళ్ళు పార్లమెంటుకు పనికిరారు. లారిస్సా వాటర్స్ అనే సెనేటర్, అంటే మన రాజ్యసభ లాంటి పై సభలో సభ్యురాలు, కెనడాలో పుట్టి 11 నెలల పసిపాపగా ఆస్ట్రేలియా వచ్చేశారు. తనకు ఇంకా కెనడా పౌరసత్వం ఉందని 2017లో తెలిసి సీటు వదులుకోవాల్సి వచ్చింది. తర్వాత ఆ పౌరసత్వం వదులుకుని మళ్ళీ సెనేటర్ అయ్యారు. మన పిన్నికి ఆ చిక్కు లేదు. మన చట్టం ప్రకారం ఇంకో దేశం పౌరసత్వం తీసుకున్న రోజే ఇక్కడిది పోతుంది. పాస్‌పోర్టు తిరిగి ఇచ్చిన రోజు పిన్ని ఫోన్ చేసి ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. పుట్టింటి నుంచి పేరు కొట్టేసినట్టుందమ్మా అంది.

2022 మే 21, శనివారం. అక్కడ ఓటు వేయకపోతే జరిమానా కట్టాలి, 1924 నుంచీ అదే చట్టం. పిన్నికి అది మొదటి ఓటు. నెల పిల్లాణ్ణి తోపుడు బండిలో పడుకోబెట్టి నేనూ పోలింగు జరిగే స్కూలు దాకా వెళ్ళాను. బయట బార్బెక్యూ పొయ్యి మీద సాసేజీలు వేయిస్తున్నారు, తిరునాళ్ళలా ఉంది. పిన్ని ఉండేది వేరే నియోజకవర్గం, కాబట్టి డాయ్ లే పేరు ఆ కాగితం మీద లేదు. కానీ ఓటు వేసే పద్ధతి చూసి నాకు ఆశ్చర్యం వేసింది. ఒక్కరికి గుర్తు పెట్టి వచ్చేయడం కాదు. అభ్యర్థులందరికీ 1, 2, 3 అని వరసగా నంబర్లు వేయాలి.

ఎందుకంటే ఇలా అనుకోండి. మీ క్లాసులో 20 మంది. లీడరు పదవికి రవికి 9 ఓట్లు, లతకు 7, బాబుకు 4. మన పద్ధతిలో రవి గెలిచాడు. కానీ 11 మంది రవి వద్దన్నారు కదా! అక్కడైతే అందరికన్నా తక్కువ వచ్చిన బాబును తీసేసి, ఆ నాలుగు కాగితాల మీద 2 అని ఎవరికి వేశారో చూస్తారు. నలుగురూ లతకే వేసి ఉంటే లతకు 11, గెలుపు లతది. సగం కన్నా ఎక్కువ ఎవరికో ఒకరికి వచ్చేదాకా ఇలాగే లెక్కపెడతారు. ఈ పద్ధతి లేకపోతే పార్టీ అండలేని మనిషికి గెలుపు ఇంకా కష్టమయ్యేది.

ఫౌలర్‌లో సరిగ్గా అదే జరిగింది. మొదటి లెక్కలో కెనీలీకి నూటికి 36, డాయ్ లేకు 30 కన్నా కాస్త తక్కువ. మిగతా అభ్యర్థుల కాగితాలు ఒక్కొక్కటీ పంచుతూ పోగా చివరికి డాయ్ లేకు 51.6 వచ్చాయి. దేశమంతటా లేబర్ గెలిచి ప్రభుత్వం ఏర్పాటు చేసింది. ఫౌలర్‌లో మాత్రం ఓడిపోయింది.

ఒక్కతే వెళ్ళి ఏం చేస్తుందని మీరు అడుగుతారు. నిజమే, అప్పటి 151 సీట్లలో లేబర్‌కు 77 ఉన్నాయి, ఆవిడ ఓటు లేకపోయినా ప్రభుత్వం నడుస్తుంది. మంత్రి పదవి రాదు. కానీ తన జనం తరఫున లేచి అడగొచ్చు, ఇలాగే ఓటు వేయమని ఆవిడను శాసించే పార్టీ ఉండదు. ఆ సెప్టెంబరులో పార్లమెంటులో తొలి ప్రసంగానికి ఆస్ట్రేలియా జెండా రంగులూ నక్షత్రాలూ ఉన్న ఆవ్ జాయ్ వేసుకుని వచ్చారు. ఆవ్ జాయ్ అంటే వియత్నాం ఆడవాళ్ళు వేసుకునే పొడుగాటి దుస్తులు. పడవ సంగతీ, లాక్‌డౌన్ సంగతీ ఆ ప్రసంగంలోనే చెప్పారు. నేను అది పిన్ని ఫోనులో రెండుసార్లు చూశాను.

2025 ఎన్నికల్లో లేబర్ పార్టీ ఈసారి టు లేకే టికెట్ ఇచ్చింది. పడవలో తుఫాను దాటిన అమ్మాయి ఒకవైపు, శరణార్థుల ఇంట పుట్టిన అమ్మాయి ఇంకోవైపు. డాయ్ లేనే మళ్ళీ గెలిచారు.

చంటీ, ఇదంతా పిన్నికి కూడా చదివి వినిపించు. ఎంపీకి నిలబడతావా అని నువ్వే అడుగు. ఏమందో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ అమ్మమ్మ