సీబీటీ సర్టిఫికెట్ వచ్చింది, ఇక మొదలుపెట్టేయొచ్చా?

వారాంతంలో ఎక్కడైనా సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, ఆలోచనలనీ చేతలనీ పట్టుకుని చేసే మానసిక చికిత్స) వర్క్‌షాప్ జరిగిందంటే సోమవారం నా వాట్సాప్‌కి సర్టిఫికెట్ల ఫొటోలు వస్తాయి. వాటి కింద ఒకటే ప్రశ్న: "మేడం, ఇక సీబీటీ మొదలుపెట్టేయొచ్చా?" నేర్చుకోవాలన్న ఉత్సాహాన్ని నేనెప్పుడూ తప్పుపట్టను. కానీ ఈ ప్రశ్నకి "ఓ, నిరభ్యంతరంగా" అని జవాబిచ్చేవాళ్లు ఈ మధ్య మరీ ఎక్కువైపోయారు. దాని ఫలితం ఏడాదికో రెండేళ్లకో నా గదికి నడిచొస్తుంది. "సీబీటీ చేయించుకున్నానండీ, నాకు పనిచేయలేదు" అంటారు. ఏం చేశారని అడిగితే, "నెగెటివ్‌గా ఆలోచించొద్దన్నారు. రాసుకురమ్మని ఒక కాగితం ఇచ్చారు" అంటారు. అంటే అసలు జరగని వైద్యం పనిచేయలేదని ఆ మనిషి తేల్చేసుకున్నారు. ఓసీడీతో (వద్దన్నా వచ్చే ఆలోచనలతో చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు) రోజుకి మూడు గంటలు బాత్రూంలో గడిపే మనిషిని మళ్లీ ఒప్పించి కూర్చోబెట్టడం ఎంత కష్టమో ఈ పని చేసేవాళ్లకి తెలుసు.

అపోహ: వర్క్‌షాప్ చేసి, పుస్తకం చదివితే సీబీటీ వచ్చేసినట్టే.

వాస్తవం: వర్క్‌షాప్‌లో సీబీటీ గురించి తెలుస్తుంది. చేయడం మాత్రం మీ సెషన్‌ని ఇంకొకరు విన్నాకే మొదలవుతుంది. మిగతా అపోహలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు కాబట్టి ఎక్కువసేపు దీని గురించే మాట్లాడతాను.

ఒక ట్రైనీ సెషన్ రికార్డింగ్ చెప్తాను (గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను). క్లయింట్ యాభై దాటిన ఆవిడ. అబ్బాయి అమెరికాలో ఉంటాడు. అతను ఫోన్ ఎత్తకపోతే ఏదో అయిపోయిందని టెన్షన్, ఎత్తేదాకా చేస్తూనే ఉంటారు. ట్రైనీ థాట్ రికార్డ్ (ఆలోచన, దానికి ఆధారం, ఆందోళన ఎంతో రాసుకునే కాగితం) ముందు పెట్టుకుని అడుగుతోంది.

"ఏదో అయిపోయిందనడానికి ఆధారం ఏముందండీ?"

"ఏం లేదు మేడం."

"మరి ఇంకోలా ఆలోచిస్తే?"

"మీటింగ్‌లో ఉండొచ్చు మేడం."

"ఇప్పుడు ఆందోళన వందకి ఎంతుంది?"

"తగ్గింది మేడం. ఇరవై."

ఫైల్లో ట్రైనీ రాసుకున్న నోట్ చూస్తే బ్రహ్మాండం. ఆలోచన మారింది, ఆందోళన ఎనభై నుంచి ఇరవైకి దిగింది. రికార్డింగ్ వింటే మాత్రం ఆవిడ జవాబులు ప్రశ్న పూర్తికాకముందే పడిపోతున్నాయి, వైవా పరీక్షలో చెప్పినట్టు. మేడంగారికి ఏం కావాలో ఆవిడకి రెండో ప్రశ్నకే అర్థమైపోయింది. మర్యాదస్తురాలు, ఇచ్చేశారు. తర్వాతి వారం చూస్తే ఫోన్లు ఎప్పటిలాగే ఉన్నాయి.

ఈ "సరే మేడం" మన దగ్గర సీబీటీకి పెద్ద గండం. డాక్టరుగారి మాటకి ఎదురు చెప్పకూడదన్నది మనవాళ్లకి ఒంట్లో ఉన్న అలవాటు. అందుకే మన ట్రైనీలు క్లయింట్‌తో వాదించి గెలిచేస్తుంటారు, గెలిచామని కూడా తెలియకుండా. అమెరికా సీబీటీ నిపుణురాలు క్రిస్టీన్ పడెస్కీ 1993లో లండన్ సదస్సులో అడిగిన ప్రశ్న సరిగ్గా ఇదే: మనం అడుగుతున్నది ఎదుటివారి మనసు మార్చడానికా, వాళ్లతో కలిసి ఏదైనా కనుక్కోవడానికా? చదివితే ఒక్క వాక్యమే. మీ గొంతు మీరే వినేదాకా మీరు ఏ వైపున్నారో మీకు తెలియదు.

ఆ ట్రైనీతో నేను చెప్పింది ఒక్కటే. ఆధారం సంగతి తర్వాత, ముందు ఆ నిమిషంలో ఆవిడ కళ్ల ముందు ఏం కనిపిస్తోందో అడుగు, అడిగాక నోరు మెదపకు. తర్వాతి రికార్డింగ్‌లో ఆ ప్రశ్న తర్వాత చాలాసేపు ఫ్యాను చప్పుడే వినిపించింది. ఆ తర్వాత ఆవిడ అన్నారు: "ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తుంది మేడం. అప్పుడు నేను ఎత్తను." భర్త పోయిన రోజు ఫోన్ మోగుతుంటే ఆవిడ మేడ మీద బట్టలు ఆరేస్తున్నారట. అబ్బాయికి ఏమవుతుందోనన్న భయం పైకి కనిపించేది. అసలు భయం, తను మళ్లీ అందుబాటులో లేకుండా పోతానేమోనని. "మీటింగ్‌లో ఉండొచ్చు" అన్న మాట ఈ భయాన్ని తాకనైనా తాకదు. అక్కడి నుంచి పని మారింది. వంట చేస్తున్నంతసేపు ఫోన్ పడగ్గదిలో పెట్టడం, ఏం జరుగుతుందనుకుంటున్నారో ముందే రాసుకోవడం, తర్వాత ఏం జరిగిందో చూసుకోవడం. మొదటిరోజు పప్పు మాడిందట.

సూపర్విజన్‌లో, అంటే అనుభవమున్నవాళ్లు మీ సెషన్లు విని దిద్దేటప్పుడు, మాత్రమే బయటపడేవి ఇంకా ఉంటాయి. బ్రిటిష్ సైకాలజిస్ట్ డేవిడ్ క్లార్క్ 1986లో పానిక్ (హఠాత్తుగా ముంచుకొచ్చే తీవ్రమైన భయం) గురించి చెప్పిన మోడల్ మన ట్రైనీలందరికీ కంఠతా వచ్చు: గుండె దడని గుండెపోటుగా చదువుకోవడం, దాంతో దడ ఇంకా పెరగడం. సేఫ్టీ బిహేవియర్లు (భయానికి ఊతగా చేసే జాగ్రత్తలు) అంటే ఏంటో నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఒకబ్బాయి ఎక్స్‌పోజర్ కోసం, అంటే భయపడేదాన్ని కావాలనే ఎదుర్కోవడానికి, తన క్లయింట్‌తో కలిసి దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠి దాకా సిటీ బస్సులో వెళ్లొచ్చాడు. "ఎక్స్‌పోజర్ సూపర్ మేడం, నీళ్ల బాటిల్ లేకుండా వచ్చాడు" అన్నాడు. బాటిల్ ఎక్కడుందని అడిగాను. "నా బ్యాగులో ఉంది మేడం. అవసరమైతే ఇద్దామని." క్లయింట్‌కి ఆ సంగతి తెలుసా? తెలుసు. ఇక అతను నేర్చుకున్నదేంటి? బాటిల్ సార్ దగ్గరుంది కాబట్టి గండం గట్టెక్కింది అని. ఆ అబ్బాయిది చెడ్డ మనసేం కాదు, జాలిగుండె. కానీ క్లయింట్ భయపడుతుంటే చూస్తూ ఓర్చుకోవడం కూడా ఈ పనిలో ఒక నైపుణ్యమేనని స్లైడ్లు చూపించి నేర్పలేం.

నైపుణ్యాన్ని కొలవడానికి సాధనాలు లేక కాదు. కాగ్నిటివ్ థెరపీ రేటింగ్ స్కేల్ 1980 నుంచి ఉంది. 11 అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 6, మొత్తం 66. సాధారణంగా 40 వస్తే పనికొస్తారని లెక్క. దాన్ని రికార్డింగ్ విని వేస్తారు, రాత పరీక్ష పెట్టి కాదు. ఇంగ్లండ్‌లో 2008 నుంచి వేలమంది థెరపిస్టులని తయారుచేసిన ప్రభుత్వ కార్యక్రమంలో కూడా శిక్షణ దాదాపు ఏడాది. చదువుతూనే క్లయింట్లని చూడాలి, సెషన్ల రికార్డింగులు మార్కులకి పెట్టాలి.

"మావాళ్లు రికార్డింగ్‌కి ఒప్పుకోరు మేడం" అంటారు. అడగండి. ఎందుకు రికార్డు చేస్తున్నారు, ఎవరు వింటారు, ఎప్పుడు చెరిపేస్తారు అనేవి మూడూ చెప్పి, సంతకం తీసుకోండి. వద్దంటే వైద్యంలో తేడా ఏమీ రాదని కూడా చెప్పండి. చాలామంది ఒప్పుకుంటారు. నేను చూసినంతలో రికార్డింగ్‌కి జంకేది ఎక్కువగా ట్రైనీలే. దాని సంగతి చివర్లో చెప్తాను.

ఇంకొకటి, ఇది చట్టం మాట. సీబీటీ సర్టిఫికెట్ ఏ సంస్థదైనా సరే, దాంతో ఎవరూ క్లినికల్ సైకాలజిస్ట్ అయిపోరు. మన దేశంలో ఆ పేరు పెట్టుకోవాలంటే ఆర్సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తించిన కోర్సు చదివి, అక్కడ రిజిస్టర్ అయి ఉండాలి. బోర్డు మీద పెద్దక్షరాల్లో రాయించేముందు ఇది చూసుకోండి.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

సీబీటీ అంటే పాజిటివ్ థింకింగ్ అంటారు. కాదు. ఉద్యోగం నిజంగానే పోయిన మనిషికి "అంతా మంచికే" అని చెప్పడం సీబీటీ కాదు సరికదా, మర్యాద కూడా కాదు. ఆలోచన నిజమని తేలితే సమస్య పరిష్కారం వైపు వెళ్తాం.

సీబీటీ యంత్రంలా ఉంటుంది, మనిషికీ మనిషికీ సంబంధం ఉండదు అంటారు. సీబీటీకి ఆద్యుడైన ఆరన్ బెక్ బృందం 1979లో డిప్రెషన్ మీద రాసిన మూలగ్రంథంలోనే థెరపిస్టుకీ రోగికీ మధ్య సంబంధం మీద ఒక అధ్యాయం ఉంది. పైన చెప్పిన స్కేల్లో అవగాహనకీ, కలుపుగోలుతనానికీ, కలిసి పనిచేయడానికీ వేరువేరుగా మార్కులున్నాయి. వర్క్‌షీట్ వైపే చూస్తూ మాట్లాడే థెరపిస్టుని చూసి ఈ మాట పుట్టి ఉంటుంది. తప్పు వర్క్‌షీట్‌ది కాదు.

సీబీటీ చేస్తే మందులు మానేయాలి అంటారు. ఈ పుకారు వింటే నాకు ఒళ్లు మండుతుంది. మందులు పెంచడం, తగ్గించడం, ఆపడం సైకియాట్రిస్టు పని. మీరు ఆ విషయంలో వేలు పెట్టకండి.

చదువుకున్నవాళ్లకే, ఇంగ్లీష్ వచ్చినవాళ్లకే పనికొస్తుంది అంటారు. దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇది చెప్పేది మన సీనియర్లే. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో లేడీ హెల్త్ వర్కర్లు సీబీటీ పద్ధతులతో డిప్రెషన్‌లో ఉన్న గర్భిణులకీ బాలింతలకీ సాయం చేశారు. ఆ ఫలితాలు 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మానసిక వైద్యం చదవని స్థానిక కౌన్సెలర్లే బిహేవియరల్ యాక్టివేషన్ (మానేసిన పనులని మళ్లీ కొద్దికొద్దిగా మొదలుపెట్టించే పద్ధతి) చేశారు. ఆరు నుంచి ఎనిమిది సెషన్లు, తీవ్రమైన డిప్రెషన్‌కి. అది 2017లో అదే పత్రికలో వచ్చింది. ఆ కౌన్సెలర్లు ఒకరి సెషన్ రికార్డింగులు ఒకరు విని మార్కులు వేసుకున్నారన్న సంగతి మన డిగ్రీవాళ్లు గమనించాలి. రాయడం రాని క్లయింట్‌కి థాట్ రికార్డ్ ఎందుకు ఇస్తారు? మా దగ్గరికి వచ్చే ఒకావిడ ఇంట్లో పాల లెక్క రాసే గోడ క్యాలెండర్ మీదే, గుడికి వెళ్లిన రోజున బొట్టు పెడుతుంది, వెళ్లని రోజున ఖాళీగా వదిలేస్తుంది. నెలాఖరుకి ఫొటో తీసి పంపుతుంది. అంతకంటే మంచి యాక్టివిటీ షెడ్యూల్ (ఏ రోజు ఏ పని చేశారో చూపించే పట్టిక) నేను చూడలేదు.

చివరగా, రాత్రి పదింటికి మెసేజ్ పెట్టే ట్రైనీ పిల్లల గురించి. "మేడం, సెషన్ ముందు నాకే చేతులు చెమటలు పడుతున్నాయి. నాకే యాంగ్జైటీ ఉంటే ఇంకొకరికి నేనేం చేస్తాను?" ఇది కూడా అపోహే, కానీ దీని మీద నాకు కోపం లేదు. చెమటలు పట్టడం మీరు పనికిరారనడానికి గుర్తు కాదు. ఎదురుగా మనిషి ఉన్నారు, బాధలో ఉన్నారు, మీకు పట్టింపు ఉంది. అయితే ఆ భయం మీతో ఏం చేయిస్తోందో మాత్రం చూసుకోండి. మౌనం వచ్చిన ప్రతిసారీ మాటలతో నింపేస్తున్నారా? హోంవర్క్ చేయలేదన్న విషయం దాటేస్తున్నారా? రికార్డింగ్ నొక్కడం "మర్చిపోతున్నారా"? మీ భయానికి కూడా క్లయింట్‌కి గీసినట్టే ఒక ఫార్ములేషన్ (సమస్య ఎలా మొదలై, ఏది దాన్ని నిలబెడుతోందో చూపే బొమ్మ) గీయండి. భరించలేనంతగా ఉంటే మీరూ థెరపీకి వెళ్లండి, అందులో నామోషీ ఏమీ లేదు.

మీ ఊళ్లో సూపర్వైజర్ లేకపోతే ఆన్‌లైన్‌లో వెతకండి. దొరికేలోపు మీలాంటి ఇంకొకరితో జత కట్టి, వారానికి ఒకసారి పది నిమిషాల రికార్డింగ్ ఒకరిది ఒకరు వినండి. క్లయింట్‌కి ముందే చెప్పిన వ్యక్తి మాత్రమే వినాలి. పేరు, ఊరు తెలియనివ్వొద్దు. బాగా కుదిరిన సెషన్ కోసం వెతుక్కోవద్దు. ఎక్కడ ఇరుక్కుపోయారో, ఆ నిమిషం ఎన్నోదో రాసి పంపండి, వినేవాళ్లు అక్కడి నుంచే మొదలుపెడతారు.