ఎక్స్‌రే నీడలో దాగిన నాళం

పై దవడలో ఆరేళ్ల ప్రాయంలో మొలిచే మొదటి దవడపంటికి సాధారణంగా బుగ్గ వైపు రెండు, అంగిలి వైపు ఒకటి చొప్పున మూడు వేర్లుంటాయి. వేర్లు మూడు కాబట్టి, వాటి లోపల నరం, రక్తనాళాలు సాగే సన్నని దారులైన నాళాలూ మూడేననుకోవడం సహజమే గాని, సగానికి పైగా పళ్లలో బుగ్గ వైపు ముందు వేరులో రెండో నాళం కూడా ఉంటుంది. దంతవైద్యులు దీన్ని ఎంబీ2 అంటారు. దీని సన్నని ద్వారాన్ని చాలాసార్లు పంటి లోపలి గట్టి పదార్థమైన డెంటిన్ కప్పేస్తుంది. రూట్ కెనాల్ చికిత్సలో దీన్ని శుభ్రం చేయకుండా వదిలేస్తే అందులో మిగిలిన బాక్టీరియా వల్ల వేరు కొన చుట్టూ ఎముక మళ్లీ దెబ్బతినవచ్చు. రూట్ కెనాల్ చేయించుకున్న పన్ను కొన్నేళ్లకు తిరగబెట్టడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

మామూలు ఎక్స్‌రేలో ఇది కనబడకపోవడానికి కారణం వేరు ఆకారంలోనే ఉంది. ఆ వేరు బుగ్గ నుంచి అంగిలి వైపు వెడల్పుగా, ముందు నుంచి వెనక్కి పలచగా ఉంటుంది. రెండు నాళాలూ ఆ వెడల్పు వెంట ఒకదాని వెనక ఒకటి నిలుస్తాయి. కిరణాలు బుగ్గ వైపు నుంచే వస్తాయి గనుక రెండు నీడలూ ఒకే గీతగా పడతాయి. కింది ముందరి పళ్లలో రెండు నాళాలున్నప్పుడూ ఇదే ఇబ్బంది. అయితే ఎక్స్‌రే గొట్టాన్ని కాస్త పక్కకు జరిపి మరో చిత్రం తీస్తే నీడలు విడిపోతాయి: గొట్టం జరిగిన వైపే జరిగిన నీడ లోపలి నాళానిది, ఎదురు దిశలో జరిగింది బుగ్గ వైపు నాళానిది. నూరేళ్లు దాటిన ఈ ఉపాయానికి దక్కవలసినంత ఆదరణ దక్కడం లేదని నా అభిప్రాయం. స్పష్టంగా దిగుతున్న నాళపు గీత వేరు నడుమ హఠాత్తుగా మసకబారితే, అక్కడ అది రెండుగా చీలిందేమోనని కూడా అనుమానించాలి.

నాళాలు ఇంత చిక్కుగా ఉంటాయని మొదట బాగా చూపినవి పీకిన పళ్లే. జ్యూరిక్‌లో దంతవైద్యుడు వాల్టర్ హెస్ వాటిలోకి రబ్బరు ఎక్కించి, గట్టిపడ్డాక పంటిని కరిగించి, లోపలి ఆకృతిని బయటికి తీసి 1917లో ప్రచురించాడు. 1984లో అమెరికా దంతవైద్యుడు వెర్టూచి 2400 పళ్లలోకి రంగు ఎక్కించి, వాటిని పారదర్శకంగా మార్చి పరిశీలించి, నాళాల అమరికను ఎనిమిది రకాలుగా విభజించాడు. ఆ ఎనిమిదిలోనూ ఇమడని పళ్లు బయటపడుతూ వచ్చాయి. 2017లో మరో నామకరణ పద్ధతిని ప్రతిపాదించవలసి వచ్చింది.

బతికున్న పంటిని అడ్డంగా కోసినట్టు చూసే వీలు 1990ల చివర వచ్చిన సీబీసీటీ అనే స్కాన్‌తో కలిగింది. శంకువు ఆకారపు కిరణపుంజం తల చుట్టూ తిరిగి తీసిన చిత్రాల నుంచి కంప్యూటర్ త్రిమితీయ రూపాన్ని నిర్మిస్తుంది. కింది రెండో దవడపంటిలో వేర్లు అతుక్కుపోయి, నాళాలు నెలవంకలాంటి ఒకే చీలికగా మారే వైపరీత్యం ఇందులో తేలిగ్గా తెలుస్తుంది. వేరును మలిచే హెర్ట్‌విగ్ పొర ఒక పక్క కలవకపోవడం వల్ల ఏర్పడే ఈ రూపం చైనా, కొరియా ప్రజల్లో ఎక్కువ.

అలాగని ప్రతి పంటికీ స్కాన్ తీయడం సబబు కాదు. చిన్న ఎక్స్‌రే కంటే దీనికి రేడియేషన్ ఎక్కువ. పక్కనే లోహపు తొడుగు ఉంటే చారలు పడి, లేని నాళం ఉన్నట్టూ ఉన్నది లేనట్టూ భ్రమ కలుగుతుంది. నాళాలను కలిపే అతి సన్నని సందులు, వేరు కొనలోని శాఖలు మరింత సూక్ష్మంగా చూపే మైక్రో సీటీ స్కాన్‌లో చక్కగా కనిపిస్తాయి గాని, దానికి పీకిన పన్ను కావాలి. నోట్లో ఉన్న పంటికైతే సూక్ష్మదర్శిని కింద డెంటిన్‌ను కొద్దికొద్దిగా గీకి ద్వారాన్ని వెతకడం, సూది చేరలేని సందుల్లోకి సోడియం హైపోక్లోరైట్ ద్రావణాన్ని పంపడం వైద్యుడి చేతిలో ఉన్న మార్గాలు.