అల్యూమినియం లాప్‌టాప్ మీద గీతలు: ఎమరీ పేపర్ పట్టే ముందు

ఈ నెలలో నా రిపేరు షాపుకి ఇలా వచ్చిన లాప్‌టాప్ ఇది మూడోది. ఇంజనీరింగ్ చదివే కుర్రాడు లాప్‌టాప్ బల్ల మీద పెట్టి, "చిన్న గీత పడిందన్నా, కాస్త రుద్దాను" అన్నాడు. బూడిద రంగు బాడీ మీద, అరచెయ్యి ఆనే చోట, రూపాయి బిళ్లంత మచ్చ స్టీలు గిన్నెలా మెరుస్తోంది.

అపోహ: టూత్‌పేస్టో ఎమరీ పేపరో పెట్టి రుద్దితే గీత పోతుంది.

వాస్తవం: గీత కన్నా ముందు రంగు పోతుంది. ఈ బాడీలకు రంగు పట్టించే పద్ధతి అనొడైజింగ్. అందులో అల్యూమినియం పై పొరనే ఆక్సైడ్‌గా మార్చి, దాని సన్నటి రంధ్రాల్లోకి రంగు ఎక్కిస్తారు. ఆ పొర సాధారణంగా 5 నుంచి 25 మైక్రాన్లు. తలవెంట్రుకే సుమారు 70 ఉంటుంది. మళ్లీ ఆ పొర రావాలంటే సామానంతా ఊడదీసి, ఉత్త బాడీని ఆమ్లంలో ముంచి కరెంటు పంపాలి. ఇంట్లో అయ్యే పనేనా?

పైగా ఆ పొర కరెంటును అడ్డుకుంటుంది. రెండు పిన్నుల చార్జర్ పెడితే మెటల్ బాడీ మీద చీమలు పాకినట్టుంటుంది కదా, పొర పోయినచోట అది ఇంకా బాగా తెలుస్తుంది. కుర్రాడి టెన్షన్ అదే: "మదర్‌బోర్డు పోయిందా అన్నా?" పోలేదు నాయనా. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల తీగ పెడితే తగ్గింది. కానీ చార్జింగ్ పోర్టులోంచి బ్రష్‌తో ఊడ్చిన అల్యూమినియం పొడి చూపిస్తే మొహం పాలిపోయింది. ఆ పొడి లోపలికి వెళ్లి షార్ట్ అయితే మాత్రం నిజంగానే బోర్డు పోయేది.

అసలు సగం గీతలు గీతలే కావు. ఆ ఆక్సైడ్ తాళంచెవి కన్నా గట్టిది, రాసుకుంటే తాళంచెవే అరిగి దాని మరక అంటుకుంటుంది. గోరు అడ్డంగా గీరి చూడండి. తగులుకోకపోతే, లాప్‌టాప్ ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడవండి. లేదా పెన్సిల్ రబ్బరు. మా అక్క లాప్‌టాప్ మీద రెండేళ్ల 'గీత' రబ్బరుతోనే పోయింది. ఇప్పుడు వాళ్లింట్లో ఫ్రిజ్ తలుపుకీ రబ్బరే. గోరు తగులుకుంటే మాత్రం లోతుగా దిగినట్టే, స్టిక్కర్ వేసుకోండి.

హెయిర్ డ్రయ్యరు, ఐసు ముక్కలతో సొట్ట పోదు, బ్యాటరీకి వేడి మాత్రం తగులుతుంది. కాస్టిక్ ఉన్న క్లీనర్లు పొరను తినేస్తాయి. మూల నొక్కుకుని అంచు గుచ్చుకుంటుంటే అప్పుడు తీయండి ఎమరీ పేపర్: పోర్టులకు టేపు వేసి, ఆ మొన వరకే.

అడుగు పలక ఉబ్బితే సొట్ట అనుకుని నొక్కేవాళ్లకు ఒక దండం. ఉబ్బేది బ్యాటరీ. నొక్కకండి, చార్జర్ తీసేసి, ఆపేసి, రిపేరుకు తీసుకెళ్లండి.