కుందేలు పిండం నుంచి మనిషి పిండం దాకా

గర్భాశయంలో పెట్టేముందు జన్యులోపాలు చూసేందుకు పిండం నుంచి ఏ రోజున, ఎన్ని కణాలు తీసి పరీక్షించాలన్న వాదన ఐవీఎఫ్ (శరీరం బయట ఫలదీకరణ) ల్యాబుల్లో ఇంకా తెగలేదు. దాని మూలం కుందేళ్ల దగ్గరుంది. 1968లో రాబర్ట్ ఎడ్వర్డ్స్, రిచర్డ్ గార్డ్‌నర్ బ్రిటన్‌లో కుందేలు బ్లాస్టోసిస్ట్ (కొన్ని రోజులు ఎదిగి బయటి పొర, లోపలి కణాల గుంపు ఏర్పడిన పిండం) బయటి పొర నుంచి కొన్ని కణాలు తీసి, ఆ పిండం ఆడదో మగదో చెప్పగలిగారు. ఆ పొర తర్వాత మాయగా మారుతుంది. బిడ్డగా ఎదిగే లోపలి కణాల జోలికి వారు పోలేదు.

మనుషుల విషయంలో దారి మారింది. అప్పట్లో పిండాన్ని ల్యాబులో ఆ దశ దాకా, అంటే అయిదారు రోజులు పెంచడమే గగనం. ఫలితం వచ్చేదాకా గడ్డకట్టించి ఉంచుదామంటే అదీ నమ్మకమైన పని కాదు. అందుకే లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రిలో అలన్ హ్యాండీసైడ్, రాబర్ట్ విన్‌స్టన్ బృందం మూడో రోజు పిండాన్ని ఎంచుకుంది. అప్పటికి అందులో ఉండేవి ఆరు నుంచి పది కణాలు. ఆమ్ల ద్రావణంతో పై పొరకు రంధ్రం చేసి, సన్నని గాజు గొట్టంతో ఒక కణాన్ని పీల్చి, మగ పిండాల్లో ఉండే వై క్రోమోజోమ్ ఉందేమో చూశారు. మగపిల్లలకే ఎక్కువగా వచ్చే వంశపారంపర్య జబ్బులున్న కుటుంబాలవి కాబట్టి ఆడ పిండాలనే, అదీ ఆ రోజే, గర్భాశయంలోకి పంపారు. 1990లో కవల ఆడపిల్లలు పుట్టారు. (జబ్బుతో సంబంధం లేకుండా పిండంలో ఆడ, మగ ఎంచుకోవడాన్ని మన దేశం 2003 చట్ట సవరణతో నిషేధించింది.) అదే కాలంలో షికాగోలో యూరి వెర్లిన్‌స్కీ పిండాన్ని వదిలి, అండం విడిచిపెట్టే పోలార్ బాడీలను (తల్లి క్రోమోజోములుండే చిన్న కణాలను) పరీక్షించాడు. దానితో తల్లి వైపు లోపమే తెలుస్తుంది, తండ్రి సంగతి తెలియదు.

ఎనిమిదింటిలో ఒక కణం పోతే మిగతావి పూడ్చుకుంటాయని చాలాకాలం ధీమాగా ఉన్నారు. 2013లో అమెరికాలో రిచర్డ్ స్కాట్ బృందం ఆ ధీమాను పరీక్షకు పెట్టింది. ఒకే స్త్రీ నుంచి వచ్చిన రెండు పిండాల్లో ఒకదానికే బయాప్సీ చేసి (పరీక్షకు కణాలు తీసి), రెండింటినీ కలిపి గర్భాశయంలో ఉంచారు. మూడో రోజు కణం తీసిన పిండాల్లో నిలిచినవి 30 శాతం, తీయనివాటిలో 50. బ్లాస్టోసిస్ట్ దశలో తీస్తే 51, తీయకపోతే 54. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికంటే నిజాయితీగల ప్రయోగం ఇదే.

అప్పటికే ఆమ్లం స్థానంలో లేజర్ వచ్చింది. వేగంగా గడ్డకట్టించే పద్ధతి కుదరడంతో ఫలితం కోసం తొందరా తప్పింది. కుందేలు నాటి బయటి పొరే మళ్లీ ముందుకొచ్చింది. ఇప్పుడు అయిదు నుంచి పది కణాలను లేజర్‌తో తెంచాలా, గొట్టం అంచుకు రాసి విదిలించి వేరు చేయాలా అని ల్యాబులు తర్జనభర్జన పడుతున్నాయి. అంతకంటే పెద్ద చిక్కు వేరే ఉంది: మాయగా మారే కణాల్లో కనిపించిన క్రోమోజోమ్ లోపం లోపలి కణాల్లో ఉండి తీరాలని లేదు.